గెలుపునకు పిమ్మట: మియమొతో ముసాషి చరిత్రము

వీడియో ఆటలకు అలవాటుపడిన మన బాలురలో కొందఱు ముసాషి యను పేరు నెఱుంగుదురు. వారు దానిని చరిత్ర గ్రంథములందు చదివినవారు కారు. పెద్దలవలన వినినవారును కారు. 1998వ సంవత్సరమున జపానుదేశపు స్క్వేర్ కంపెనీవారు బ్రేవ్ ఫెన్సర్ ముసాషి యను ఆటను వెలువరించిరి. 2005లో, స్క్వేర్ ఎనిక్స్ అను పేరు దాల్చిన ఆ కంపెనీవారే ముసాషి: సమురాయ్ లెజెండ్ అను మఱియొక ఆటను ప్రకటించిరి. ఈ రెండింటియందును నాయకుడు చిన్నవాడు. వానికి రెండు కత్తులు. వాడు తనదికాని లోకమునకు రప్పింపబడి, ఆపదలోనున్న రాజకుమారిని కాపాడుటకై శత్రువుల నొకరి వెంట నొకరిని కూల్చుచు పోవును. రెండవ ఆటలో శత్రువును నిదానించి చూచినచో వాని విద్యయే ఈ నాయకునికి పట్టువడును. కడపటి శత్రువు కూలినంతనే ఆట ముగియును.

పిల్లలు ఈ ఆటల నాడుట తప్పని మేము చెప్పబోము. పూర్వము మన పిల్లలు వెదురుబద్దలు చేతబట్టి అర్జునులును అభిమన్యులును అగుచుండిరి. నేటి పిల్లలు యంత్రము ముందు కూర్చుండి ముసాషులగుచున్నారు. కాని ఆ పేరుగల మనుష్యుడొకడు నిజముగనే ఈ భూమిమీద నుండెను. ఆతని కథ, ఆట ముగిసినచోట ముగియలేదు. ఆతడు ద్వంద్వయుద్ధములలో గడపిన కాలము 16 ఏండ్లు; అటుపిమ్మట బ్రదికిన కాలము 33 ఏండ్లు. ఆతడు గొప్పవాడైనది ఈ రెండవ భాగముననే యని మా యభిప్రాయము. అందువలన ఆతని చరిత్రమును మొదటినుండి చెప్పవలసియున్నది.

ముసాషి 1584 ప్రాంతమున జన్మించెను. ఆతని జన్మస్థలము హరిమ సీమ యని కొందఱును, దాని పొరుగుననున్న మిమసక సీమ యని కొందఱును వాదింతురు. ఆతడు మాత్రము తన గ్రంథమున తాను హరిమ సీమవాడనని వ్రాసికొనెను. తండ్రి మునిసాయి ఆయుధవిద్యలో ఆరితేఱినవాడు. కత్తిని అడ్డుకొని పట్టివేయు ఇనుపకఱ్ఱ యొకటి జపానులో కలదు, దాని సాములో ఆయన ప్రసిద్ధుడు. అప్పటికి జపానుదేశము నూఱేండ్లకు పైబడి అంతఃకలహములలో మునిగియుండెను. ఒక ప్రభువు మఱియొక ప్రభువు భూమి నాక్రమించుటయు, కోటలు కాలుటయు నిత్యకృత్యములయ్యెను. నొబునాగ, హిదెయోషి, ఇయెయాసు అను మువ్వురు వరుసగా ఆ దేశమును ఏకచ్ఛత్రము క్రిందికి తెచ్చిరి. 1600లో సెకిగహర యుద్ధమున గెలిచిన తొకుగవ ఇయెయాసు 1603లో షోగును పదవిని పొందెను. దేశమునకు శాంతి లభించెను. కాని ఓడిన ప్రభువుల కొలువులలోని యోధులు వేలకొలది వీథుల పాలైరి. ప్రభువు లేని ఇట్టి యోధుని జపానువారు రోనిను అందురు. యుద్ధమే వృత్తిగా నేర్చినవారికి యుద్ధమే లేకుండపోయిన కాలమున ముసాషి యౌవనమున ప్రవేశించెను.

పుట్టిన యేటినే మొదటి యేడుగా లెక్కించుట నాటి జపానువారి పద్ధతి. ఆ లెక్క ప్రకారము ముసాషి తన 13వ యేట అరిమ కిహెయి యను ఖడ్గవిద్యావంతుని ఎదిర్చి గెలిచెను. 16వ యేట తజిమ సీమకు చెందిన అకియామ యను బలశాలిని ఓడించెను. 21వ యేట రాజధానియగు క్యోతో నగరమునకు పోయి పేరుమోసిన యోధులతో తలపడెను. 29వ యేడు వచ్చువఱకు దేశదేశములు తిరిగి 60కి మించిన పోరాటములు చేసి, ఒక్కదానియందును ఓడిపోలేదని ఆతడే వ్రాసెను. ఇది ఆతని స్వవచనమే యని పాఠకులు గుర్తుంచుకొనవలెను. మన పెద్దలు తమ చిన్ననాటి ప్రతాపములు చెప్పునప్పుడు మనమెంత జాగరూకతతో విందుమో, ఇచ్చటను అంత జాగరూకత యవసరము.

సెకిగహర యుద్ధమున ఆతడు ఓడినపక్షమున పోరాడి ప్రాణములతో బయటపడెనని చిరకాలముగ చెప్పుకొనుచున్నారు. తండ్రి కొలువునుగూర్చి దొరకిన ఆధారములనుబట్టి చూడగా, ఆతడు క్యూషూ ద్వీపమున గెలిచినపక్షముననే యుండియుండునని కొందఱు చరిత్రకారులు తలచుచున్నారు. క్యోతోలో యొషియోక వంశమువారు తరతరములుగ ఖడ్గవిద్య నేర్పుచుండిరి. 1604 ప్రాంతమున ముసాషి ఆ వంశమువారిని వరుసగా మూడుమాఱులు ఓడించి, వారి ప్రతిష్ఠను నేలగలిపెనని ఆతని పక్షమువారి శాసనము చెప్పుచున్నది. యొషియోక పక్షమువారి వృత్తాంతము ఇందులకు భిన్నముగ నున్నది. గెలిచినవాని శాసనము రాతిమీద నిలుచును. ఓడినవాని మాట కాగితముమీద మూలబడియుండును. ఇది అన్ని దేశములందును ఉన్నదే.

ఆతని పోరాటములలో సుప్రసిద్ధమైనది 1612లో జరిగినది. హొన్షూ, క్యూషూ ద్వీపములనడుమ ఇఱుకైన జలసంధి యొకటి కలదు. అందలి చిన్నలంకలో ససకి కొజిరో యను యోధుడు అసాధారణమైన పొడవుగల కత్తితోను, ముసాషి కొయ్యకత్తితోను తలపడిరి. కొజిరో మరణించెను. ముసాషి కావలయుననియే చాల ఆలస్యముగ వచ్చి ప్రతిపక్షికి కోపము పుట్టించెననియు, దారిలో పడవతెడ్డును చెక్కి కత్తిగా చేసికొనెననియు నేడు లోకమంతయు చెప్పుకొను కథ 18వ శతాబ్దపు గ్రంథములయందు కానవచ్చును. అంతకు పూర్వము 1654లో ముసాషి పెంపుడు కుమారుడు కొకురాయందు నిలిపిన శాసనమున ఇరువురును ఒకే సమయమున వచ్చిరని యున్నది. ఆ జలసంధి ఒడ్డుననున్న మొజి కోటకు అధిపతులైన నుమాత వంశమువారి చరిత్రమున మఱియొక విధముగ నున్నది: దెబ్బతిని పడిన కొజిరో తేఱుకొని లేచెననియు, దాగియున్న ముసాషి శిష్యులు వచ్చి వానిని చంపిరనియు అందు వ్రాయబడినది. ఇందేది నిజమో తేల్చుట నేడు సాధ్యము కాదు. కాని ఈ ఘనవిజయముపై ఆనాడే నీడ పడినదని మాత్రము స్పష్టము.

ఇంతవఱకు చెప్పినది ఆటకు చాలిన కథ. ఇటుపై చెప్పబోవునది ఆటకు పనికిరాదు.

ముసాషికి 30 ఏండ్లు నిండినవి. ఆతడు వెనుదిరిగి తన విజయములను లెక్కచూచుకొనెను. సామాన్యుడైనచో అచ్చట గర్వించియుండును. ఒక పాఠశాల పెట్టి, అజేయుడనని బోర్డు కట్టుకొని సుఖముగ బ్రదికియుండును. ముసాషి అట్లు చేయలేదు. తాను గెలిచినది విద్య పరిపూర్ణమగుటవలన కాదని ఆతడు నిర్ణయించుకొనెను. పుట్టుకతో వచ్చిన చాకచక్యము కావచ్చును. దైవము కలసివచ్చి యుండవచ్చును. ఎదిరిపక్షమువారి విద్యయందే లోపముండవచ్చును. గెలుపు వేఱు, నేర్పు వేఱు అని గ్రహించి, మొదటినుండి మఱల అభ్యాసము నారంభించెను. ఉదయమును సాయంకాలమును సాధన చేయగా 50 ఏండ్ల ప్రాయమునకు గాని మార్గము తనకు పట్టువడలేదని వ్రాసికొనెను. 60 విజయముల పిమ్మట, ఇవి నావి కావని చెప్పగలిగిన వీరులు ఎందఱుందురు?

ఈ నడిమికాలమున ఆతని జీవితము అంతగా వెలుగునకు రాలేదు. 1615లో ఒసాకా కోట పతనమైన యుద్ధమున తొకుగవ పక్షమువాడగు మిజునో ప్రభువు సేనలో ఆతని పేరు కానవచ్చుచున్నది. అటుపిమ్మట అకాషి పట్టణమున వీథులు తీర్చుటయందును తోటలు వేయుటయందును ఆతని చేయి యున్నదని చెప్పుదురు. ఆతడు వివాహమాడినట్లు ఆధారము లేదు. ఇరువురు బాలురను పెంచుకొనెను. వారిలో మికినొసుకె హిమేజిలో హొండా తదతొకి కొలువున నుండెను. 1626లో ఆ ప్రభువు మరణింపగా, నాటి యోధుల ఆచారము ననుసరించి ఆ యువకుడు కడుపు చీల్చుకొని ప్రాణములు విడిచెను. పెంచిన కుమారుడు ప్రభుభక్తికి ఇట్లు బలియగుట ముసాషి మనస్సున ఏమి చేసెనో ఆతడు చెప్పలేదు. రెండవవాడగు ఇయొరి ఒగసవర ప్రభువునొద్ద ముఖ్యోద్యోగియై తండ్రి కీర్తిని నిలిపెను.

1637లో క్యూషూ ద్వీపమునందలి షిమబారాయందు రైతులు తిరుగబడిరి. ఆ సీమ ప్రభువు మత్సుకుర కత్సుయె. ఆతడు భూమి ఈయగలిగినదానికి మించి పన్నులు విధించి, ఇచ్చుకొనలేని రైతులను దారుణముగ హింసించెను. ఆ రైతులలో పెక్కురు క్రైస్తవమతస్థులు. మతము కారణముగను వారు బాధలు పడుచుండిరి. అమకుస షిరో యను పదునాఱేండ్ల బాలుని నాయకునిగా నెన్నుకొని, ఆలుబిడ్డలతో కూడ వారు హర యను పాడుపడిన కోటలో చేరిరి. వారి సంఖ్య 37,000 అని వాడుక. షోగును ప్రభుత్వము లక్షకు మించిన సేనను వారిపై పంపెను. ఆ సేనలో ఒగసవర వంశీయుల దండు నందు ముసాషియు నుండెను. అప్పటి కాతనికి 50 ఏండ్లు దాటినవి.

1638 వసంతకాలమున కోటపై జరిగిన చివరి ముట్టడిలో, పైనుండి దొర్లించిన రాయి వచ్చి ముసాషి కాలికి తగిలెను. ఈ విషయమును ఆతడే అరిమ ప్రభువునకు వ్రాసిన జాబున తెలిపెను. దేశమందలి ఖడ్గవీరు లెవ్వరును పడగొట్టలేని మనుష్యుని, పేరులేని రైతు చేతి రాయి పడగొట్టినది! కొజిరోతో జరిగిన పోరాటమును వర్ణించుటకు గ్రంథములును నాటకములును చాలకపోయినవి. ఈ రాతినిగూర్చి మాత్రము ఎవ్వరును పాట కట్టలేదు. మా మట్టునకు ఆతని చరిత్రమున ఇంతకంటె ఆలోచింపదగిన ఘట్టము వేఱొకటి లేదు. కోట పడినది. లోనున్నవారిని స్త్రీలు బాలురు అను విచక్షణ లేక చంపిరి. ఆ పాపమున ముసాషికిని పాలు కలదు. దానిని దాచుట చరిత్రకు ద్రోహము. అటుపిమ్మట షోగును ప్రభుత్వమువారే మత్సుకుర కత్సుయెను దోషిగ నిర్ణయించి తల నఱికించిరి. రైతు నోటి ముద్ద లాగుకొన్న ప్రభువునకు పట్టిన గతిని భూస్వాములగు మన పాఠకులు ఒక్కింత యోచింతురుగాక.

1640లో కుమమొతో ప్రభువగు హొసొకవ తదతొషి ముసాషిని ఆహ్వానించి, అతిథిగ గౌరవించి, ఏటికి 300 కొకుల బియ్యము నేర్పాటు చేసెను. ఒక కొకు అనగా ఒక మనుష్యునికి ఏడాది తిండికి సరిపడు బియ్యమని నాటి లెక్క. ఇది గొప్ప జీతము కాకపోయినను, మర్యాదగ బ్రదుకుటకు చాలినది. 1641లో ముసాషి తన విద్యను 35 ప్రకరణములుగ వ్రాసి ప్రభువునకు సమర్పించెను. ఆ యేడే ఆ ప్రభువు మరణించెను. తన్ను గుర్తించిన ప్రభువు ముసాషికి వార్ధక్యమున లభించెను. లభించిన కొలదికాలమునకే లేకుండపోయెను.

ఈ కాలముననే ఆతడు కుంచె చేపట్టి నల్లసిరాతో చిత్రములు వ్రాసెను. ఎండుకొమ్మపై కూర్చున్న కీచుపిట్ట చిత్రము వానిలో మేటి. నిలువుగ సాగిన ఒకేయొక కొమ్మ. దానిపై కదలక కూర్చున్న పక్షి. దానికి తెలియకుండ క్రిందినుండి ప్రాకివచ్చుచున్న చిన్నపురుగు. అంతకుమించి ఆ కాగితమున ఏమియు లేదు. నేడది ఒసాకా సమీపమునందలి ఇజుమీ నగరపు చిత్రశాలలో నున్నది. జపాను ప్రభుత్వము దానిని ముఖ్యమైన సాంస్కృతికసంపదగ గుర్తించినది. మన దక్షిణదేశమునుండి చీనాకు వెడలెనని చెప్పబడు బోధిధర్ముని చిత్రమును సైతము ముసాషి పలుమాఱులు వ్రాసెను. జపానువారు ఆ మహనీయుని దరుమ యని పిలుతురు.

1643లో ఆతడు కుమమొతో సమీపమునందలి కొండగుహలో చేరెను. ఆ గుహ పేరు రెయిగండో. అచ్చట కన్నోను విగ్రహము కలదు. ఆ దేవత మన బౌద్ధుల అవలోకితేశ్వరుడే. ఆ సన్నిధిని ఆతడు వ్రాసిన గ్రంథమే గొరిన్ నొ షో. అనగా పంచచక్రముల గ్రంథము. ఇందలి యైదుభాగములకు భూమి, జలము, అగ్ని, వాయువు, శూన్యము అని పేళ్లు. మన పంచభూతములే బౌద్ధధర్మముతో సముద్రములు దాటి ఒక జపాను యోధుని గ్రంథమునకు మెట్లయినవి. భూమి యను భాగమున విద్యకు పునాది చెప్పబడినది. జలమున ఆతని స్వీయపద్ధతియు, అగ్నియందు పోరాటమును, వాయువున ఇతర సంప్రదాయముల విమర్శయు గలవు. శూన్యము కొలది పుటలు మాత్రమే.

ఈ గ్రంథమున ఆతడు బౌద్ధ, కన్ఫ్యూషియస్ గ్రంథముల వాక్యములను అరువు తెచ్చుకొనలేదు. పాత యుద్ధకథలను చెప్పలేదు. రెండు కత్తులు ధరించువాడు అవసరము వచ్చినపుడు రెండింటిని వినియోగింపక ఒకటి ఒరలో నుండగనే చచ్చుట తగదనునది ఆతని సంప్రదాయమునకు మూలము. మఱియు ఆతడు సేవక, కర్షక, వణిక, శిల్పులను ప్రక్కప్రక్కన నిలిపెను. ఋతువుల మార్పును కనిపెట్టు రైతును, సరకును లాభమును ఎఱిగిన వర్తకుని, కొలతతప్పక కొయ్యను అమర్చు వడ్రంగిని యోధునితో సమముగ పేర్కొనెను. వడ్రంగి ఏ దూలము ఎచ్చట నిలుపవలెనో ఎఱిగినట్లు సేనాపతి తన మనుష్యుల నెఱుగవలెనని బోధించెను. ఏ వృత్తిలోనైనను లయ కలదనియు, లయ తప్పినవాడు పడిపోవుననియు ఆతని సిద్ధాంతము. రైతుచేతి రాతివలన దెబ్బతినిన యోధుడు రైతును తన సరసన నిలిపి వ్రాయుట మాకు ముచ్చట గొలుపుచున్నది.

1645లో రోగము ముదిరి, మరణము సమీపించెనని తెలిసికొని, తన వస్తువులను పంచియిచ్చెను. గ్రంథమును తెరఒ మగొనొజో యను శిష్యునికి అప్పగించెను. మరణమునకు వారముదినములు ముందుగ 21 నియమములను వ్రాసెను. సుఖములకు ఆసపడకుండుట, పరులను చూచి అసూయ పొందకుండుట, చేసినదానికై వగవకుండుట, ఇల్లు వాకిలి కోరకుండుట, దేవతలను గౌరవించుచునే వారిపై భారము వేయకుండుట మొదలగునవి వానియందు గలవు. ఆ 21 నియమములలో శత్రువును గెలుచు ఉపాయమొక్కటియు లేదు. ఆ సంవత్సరము జూను 13వ తేదీన ఆతడు కన్నుమూసెను.

ఆతడు పోయిన పిమ్మట ప్రతి యుగమును తనకు కావలసిన ముసాషిని తయారు చేసికొనెను. నాటకకర్తలు ఆతనిని రంగస్థలమున నిలిపిరి. 1935 మొదలు 1939 వఱకు యొషికవ ఎయిజి యను నవలాకర్త అసాహి షింబున్ పత్రికలో ఆతని కథను ధారావాహికగ వ్రాయగా జనులు ఎగబడి చదివిరి. నడుమ 1937లో జపాను సేనలు చీనాపై పడినవి. ఆత్మసాధకుడగు ముసాషి కథ చదివిన కాలముననే, కత్తి పేరు చెప్పి ఆ దేశపు సేనాపతులు పొరుగుజాతిని హింసించిరి. 1905లో రష్యాపై జపాను గెలిచినపుడు భారతీయుల హృదయము లుప్పొంగినవి; ఆసియాకు తల యెత్తు దినము వచ్చినదని మనవారు సంతోషించిరి. కాని 1916లో రవీంద్రనాథ ఠాకూరుగారు జపానుకు పోయి, ఆ గెలుపు మత్తును చూచి హెచ్చరించిరి. నాడు ఆయన మాట వారికి రుచింపలేదు. 1945లో దాని ఫలము ప్రత్యక్షమయ్యెను. ఓటమి పిమ్మట ఆక్రమణాధికారులు పాఠశాలలలో కత్తిసామును కొంతకాలము నిషేధించిరి. 1954 మొదలు 1956 వఱకు తొషిరో మిఫునె నాయకుడుగ మూడు చలనచిత్రములు వచ్చినవి. 1974లో పంచచక్రముల గ్రంథము ఇంగ్లీషున వెలువడగా, వర్తకులు దానిని బేరసారములకై చదువసాగిరి. తుదకు 1998లో ముసాషి వీడియో ఆటలోనికి వచ్చెను.

సేనాపతి ఆతనియందు శౌర్యమును చూచెను. వర్తకుడు లాభమును చూచెను. బాలుడు వినోదమును చూచెను. ముప్పదియవ యేట తన విజయములను తూకమువేసి, తక్కువతూగినవని ఒప్పుకొన్న మనుష్యుని మాత్రము చూచినవారు అరుదు.

వ్యక్తికి పట్టిన ఈ న్యాయమే జాతికిని పట్టును. గెలిచిన దినమున జాతి తన్ను తాను పరీక్షించుకొనవలెను. ఈ గెలుపు మన నేర్పువలన వచ్చినదా, ఎదిరివాని లోపమువలన వచ్చినదా, కాలము కలసివచ్చుటవలన వచ్చినదా యని విచారింపవలెను. అట్లు విచారింపని జాతి ఎంత ఎత్తునకు ఎగిరినను, ఏ పేదవాని చేతి రాయి ఏ గోడమీదనుండి వచ్చునో ఎఱుగదు. ఎన్నికలలో గెలిచిన నాయకులకును, పంట చేతికివచ్చిన భూస్వాములకును, పరీక్షలలో నెగ్గిన విద్యార్థులకును ఈ మాట వర్తించును.

మన బాలురు ఆట లాడుదురుగాక. కడపటి శత్రువు కూలిన పిమ్మట యంత్రమును ఆపివేసినపుడు, నిజమైన ముసాషి ఆ క్షణమున ఏమి చేసెనో ఇంటనున్న పెద్దలు వారికి చెప్పుదురుగాక.